హిస్టెరోస్కోపీకి ఏది మేలు: 5 మిల్లీమీటర్ల స్కోపా, 3.5 మిల్లీమీటర్లదా?

హిస్టెరోస్కోపీ (గర్భాశయ ముఖద్వారం గుండా స్కోపు అనే సన్నని గొట్టాన్ని పంపి గర్భాశయం లోపల చూసే పరీక్ష) చేయించుకోబోయే స్త్రీలు, వారి ఇంటివారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటి ఉంది: స్కోపు సన్నదైతే నొప్పి తగ్గుతుంది సరే, కానీ దానివల్ల జబ్బు కంటికి చిక్కకుండా పోదా? ఈ సందేహం సహేతుకమే. గొట్టం సన్నబడేకొద్దీ అందులో పట్టే కటకాలూ వెలుతురును మోసే పోగులూ తగ్గుతాయి గనుక, తొలినాళ్ల సన్నని స్కోపుల్లో బొమ్మ మసకబారడం సహజంగానే జరిగేది.

అయితే కచ్చితత్వం అనే మాటలో రెండు విషయాలు ఇమిడి ఉన్నాయి. కనిపించినదాన్ని సరిగ్గా పోల్చుకోవడం ఒకటి. గర్భాశయ కుహరాన్ని, రెండు ఫాలోపియన్ నాళాల ద్వారాలతో సహా, మొత్తంగా చూడగలగడం మరొకటి. నా దృష్టిలో ఈ రెండవదే నిర్ణాయకం. నొప్పికి తాళలేక మధ్యలో ఆపేసిన పరీక్షలో కటకం ఎంత మేలైనదైనా ప్రయోజనం లేదు. 5 మిల్లీమీటర్ల గొట్టం అడ్డుకోత వైశాల్యం సుమారు 19.6 చదరపు మిల్లీమీటర్లు, 3.5 మిల్లీమీటర్లదానికి సుమారు 9.6. అంటే గర్భాశయ ముఖద్వారంలోని ఇరుకైన చోట స్కోపు ఆక్రమించే స్థలం సగానికి తగ్గిపోతుంది. ఒక్క కాన్పూ కానివారికి, నెలసరి ఆగిపోయినవారికి ఈ తేడా చాలా పెద్దది.

2005లో వెలువడిన, 480 మంది స్త్రీలను రెండు పరిమాణాలకూ యాదృచ్ఛికంగా విభజించి చేసిన పరిశోధనలో, సన్నని స్కోపుతో నొప్పి తగ్గడమే కాక లోపలి దృశ్యం కూడా మెరుగ్గా కనిపించి, పరీక్ష పూర్తయిన సందర్భాలు పెరిగాయి. అంతకన్నా ముఖ్యంగా, సన్నని స్కోపు వాడినప్పుడు స్త్రీకి అంతకుముందు కాన్పు అయిందా లేదా, డాక్టరుకు ఎంత అనుభవం ఉంది అనేవి ఫలితాన్ని పెద్దగా మార్చలేదు.

5 మిల్లీమీటర్ల స్కోపుకు తనదైన బలం లేకపోలేదు. అందులో ఒక దారిన సెలైన్ లోపలికి వెళ్లి మరో దారిన బయటికి వస్తుంది గనుక, రక్తస్రావం ఉన్నా దృశ్యం త్వరగా తేటపడుతుంది, సుమారు 1.7 మిల్లీమీటర్ల పనిముట్ల దారిలోంచి కళ్లతో చూస్తూనే ముక్క తీయవచ్చు. ఇది చిన్న విషయం కాదు. 26 వేల మందికి పైగా స్త్రీల వివరాలతో 2002లో వచ్చిన సమీక్ష ప్రకారం, హిస్టెరోస్కోపీలో క్యాన్సర్ అనిపించినప్పుడు అది నిజంగా క్యాన్సర్ అయ్యే అవకాశం 71.8 శాతమే. స్కోపు లావుదైనా సన్నదైనా, అనుమానం ఉన్నచోట బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) తప్పదు. మన దేశంలో సంతానలేమికి ముఖ్య కారణాల్లో ఒకటైన గర్భాశయ క్షయ విషయంలోనూ అంతే: గర్భాశయ గోడలు ఒకదానికొకటి అంటుకున్న అతుకులు కంటికి కనిపించినా, నిర్ధారణకు ఎండోమెట్రియం (గర్భాశయ లోపలి పొర) నమూనా ప్రయోగశాలకు వెళ్లాలి.

వంగే స్కోపులతో నొప్పి తక్కువే గాని, బొమ్మ నాణ్యతలో అవి గట్టి స్కోపులకు సాటిరావు, ఖర్చూ ఎక్కువ.

అందువల్ల కేవలం చూడడానికైతే నేను 3.5నే కోరుకుంటాను, అల్ట్రాసౌండ్‌లో పాలిప్ (లోపలి పొరపై పెరిగే చిన్న కండ) ముందే కనిపించి, సహజ కాన్పులు అయినవారికైతే పనిముట్ల దారి ఉన్న స్కోపు మేలు. ఏది వాడినా, రిపోర్టు చేతికి వచ్చినప్పుడు రెండు నాళాల ద్వారాలూ కనిపించాయని అందులో రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే డాక్టరుగారిని తప్పక అడగండి.