స్విస్ ట్రావెల్ పాస్: ఏప్రిల్, మే నెలల్లో పెట్టిన డబ్బు గిట్టుతుందా?

వసంతంలో స్విట్జర్లాండ్ కొండలు, అటునుంచి ఇటలీ పాత నగరాలు చూసే ప్లాన్ ఉంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: రైళ్లు, బస్సులు, పడవలకు ఒకే టికెట్‌గా పనికొచ్చే స్విస్ ట్రావెల్ పాస్ తీసుకోవాలా, టికెట్లు సగం ధరకు ఇచ్చే హాఫ్ ఫేర్ కార్డు సరిపోతుందా? ఈ సీజన్‌కి 4 రోజుల పాస్ చక్కగా సరిపోతుంది. అయితే దాన్ని సరస్సులకీ, తక్కువ ఎత్తు కొండలకీ, ఊళ్లకీ వాడాలి. మంచు శిఖరాల కోసమే అయితే కార్డే మేలు.

2024లో రెండో తరగతి పాస్ 4 రోజులకు 295 ఫ్రాంకులు, 6 రోజులకు 379 ఉండేది. నెల రోజుల హాఫ్ ఫేర్ కార్డు 120 ఉండేది. పాస్ ధరలోంచి కార్డు ధర తీసేసి రెట్టింపు చేయండి. ఆ ధరల్లో 4 రోజులకు 175కి రెట్టింపు, అంటే 350. స్విస్ రైల్వే వారి ఎస్‌బీబీ యాప్‌లో మీ ప్రయాణాల పూర్తి ఛార్జీలు కూడితే ఆ మొత్తం దాటిందా, పాస్ తీసుకోండి. ధరలు మారుతుంటాయి కాబట్టి కొనే రోజు అంకెలతో మళ్లీ లెక్క వేయండి.

ఈ లెక్కలో మంచు శిఖరాల నడుమ ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైలు స్టేషన్‌ని కలపకూడదు. పాస్ గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ వరకే ఉచితం, ఆపైన 25 శాతం తగ్గింపు మాత్రమే. కార్డుకైతే దారి పొడవునా సగం ధర. 3,454 మీటర్ల ఎత్తున మబ్బు కమ్మితే తెల్లటి గోడ తప్ప ఏమీ కనబడదు. అందుకే టికెట్ ముందే కొనేయకుండా, ఆ రోజు పొద్దున వెబ్‌క్యామ్ చూసి కొనడం మంచిది.

పాస్ విలువ నిజంగా తెలిసేది లుసర్న్ దగ్గరి రీగి కొండ మీద. లుసర్న్‌లో పడవెక్కితే గంటలో విట్జ్‌నావ్, అక్కడ రేవు పక్కనే ఎర్ర పళ్లచక్రాల రైలు. 1871లో మొదలైన ఈ లైను యూరప్‌లో మొట్టమొదటి కొండ రైల్వే. అరగంటలో 1,798 మీటర్ల శిఖరం దగ్గరికి చేరుస్తుంది. కింద చెట్లు పూత మీద ఉంటాయి, పైన ఇంకా మంచు కరుగుతూ ఉంటుంది, కాబట్టి నీళ్లు లోపలికి రాని బూట్లు తప్పనిసరి. దిగేటప్పుడు నీలం రైల్లో ఆర్ట్-గోల్డావ్ వైపు దిగి, మామూలు రైల్లో లుసర్న్ చేరండి. పడవలతో సహా అన్నీ పాస్‌లోనే. ఒక్క మాట: పడవ పై అంతస్తు ఫస్ట్ క్లాసు వాళ్లది, రెండో తరగతి పాస్‌తో కిందే కూర్చోవాలి.

ఈ సీజన్‌లో దెబ్బతినేది మూసివేతల దగ్గర. స్కీ సీజన్ ముగిశాక చాలా కేబుల్ కార్లను మరమ్మతుల కోసం కొన్ని వారాలు ఆపేస్తారు. లుసర్న్ దగ్గరి మరో కొండ పిలాటస్ మీదికి వెళ్లే పళ్లచక్రాల రైలు మే ప్రాంతంలో గానీ మొదలవదు. అప్పటిదాకా క్రీన్స్ వైపు కేబుల్ కారే దారి. అదీ మరమ్మతుల్లో ఉందేమో వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఫుర్కా, గ్రిమ్‌సెల్ కనుమల రోడ్లు కూడా మంచు తీసేదాకా తెరవరు. వీటికి బదులు లౌటర్‌బ్రున్నెన్ లోయకి వెళ్లండి. మంచు కరిగే రోజుల్లో అక్కడి జలపాతాలు నిండుగా దూకుతాయి.

ఇటలీకి ఆల్ప్స్ దాటే బెర్నీనా రైలు లైను మీదుగా వెళ్తే పాస్ చివరి రోజు పూర్తిగా వసూలవుతుంది, సరిహద్దు దాటి ఇటలీలోని తిరానో వరకూ చెల్లుతుంది. ఈ లైన్లో పర్యాటకుల రైలు బెర్నీనా ఎక్స్‌ప్రెస్‌కి సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి విడిగా కట్టాలి. అదే పట్టాల మీద వెళ్లే మామూలు రైలుకి అది అక్కర్లేదు. అందులో కొన్ని కిటికీలు తెరుచుకుంటాయి, ఫోటోలు తీసేవాళ్లకి అదే మేలు. లుసర్న్ నుంచి ఒక్కరోజులో మిలాన్ అంటే ఒళ్లు హూనం. ముందు రాత్రి కూర్ పాత పట్నంలో ఆగడం నయం. తిరానో నుంచి మిలాన్‌కి రెండున్నర గంటలు, ఆ టికెట్ విడిగా కొనాలి. మిలాన్‌లో లియోనార్డో 'లాస్ట్ సప్పర్' చూడాలంటే టికెట్ చాలా ముందుగా బుక్ చేయాలి, లోపల ఉండనిచ్చేది 15 నిమిషాలే.

పాస్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లు, పేర్లు తారుమారయ్యేది ఇక్కడే, రైల్లో పాస్, పాస్‌పోర్టు రెండూ కలిపి అడుగుతారు. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు తల్లిదండ్రులతో టికెట్ లేకుండా ప్రయాణించేందుకు ఇచ్చే ఫ్యామిలీ కార్డు ఉచితం, పాస్ కొనేటప్పుడే అడిగి తీసుకోండి. హైదరాబాద్ నుంచి షెంగెన్ వీసాకి ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి.