తిరువాన్మియూరులో బోర్డు లేని ఏసీ కొట్టు

ఐదుకు నాలుగు మార్కులు. ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకు కౌంటరులో కూర్చున్నదాన్ని, మార్కులు ఊరికే ఇవ్వను, ఊరికే కోయను. కోసిన ఆ ఒక్కటీ ఎందుకో కూడా చెబుతాను.

కొట్టు చెన్నై తిరువాన్మియూరులో, మరుందీశ్వరర్ గుడికి దగ్గరలో ఒక సందులో ఉంది. బోర్డు లేదు. షట్టరు ముందు పాత అవుట్‌డోర్ యూనిట్లు రెండు మూడు పొట్ట విప్పుకుని పడి ఉంటాయి, అదే గుర్తు. నడిపేది నలభై అయిదేళ్ల మనిషి, తోడుగా ఒక కుర్రవాడు. తరాలుగా ఇక్కడే ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబం వాళ్లది. ఆ తెలుగు మా నెల్లూరు చెవికి కాస్త కొత్తగా తగులుతుంది. కానీ మా ఇంటికి రాగానే అతను అన్న మొదటి మాట బాగానే అర్థమైంది: "అమ్మా, దీన్ని పెట్టిన చోటే సరి లేదు."

ఆ ముక్క నాకు 2023 మే నెలలోనే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ కొన్నాను. ఫిట్టింగ్ ఉచితం అన్నారు షాపువాళ్లు. ఇక్కడ మే 4కి కత్తిరి ఎండలు మొదలవుతాయి. మన రోహిణి కార్తె రావడానికి ఇంకా మూడు వారాలు ఉండగానే ఊరు పెనంలా కాలిపోతుంది. ఆ రోజుల్లో ఫిట్టింగ్ కుర్రాళ్లు రోజుకు ఎన్ని ఇళ్లు తిరుగుతారో పాపం, మా గుమ్మం ఎక్కేసరికి రాత్రి ఎనిమిది. మాది రెండో అంతస్తు. ఇద్దరిలో చిన్నవాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, బాత్‌రూమ్ పక్కన ఉన్న డక్టులోకి దిగి, గోడకున్న జానెడు కాంక్రీటు పట్టీ మీద నిలబడ్డాడు. నడుముకు బెల్టు లేదు. కాళ్లకు హవాయి చెప్పులు. రెండోవాడు డాబా మీది నుంచి అవుట్‌డోర్‌ను తాడు కట్టి దింపుతుంటే, వీడు ఒక చేత్తో మురుగు పైపు పట్టుకుని రెండో చేత్తో దాన్ని గోడవైపు లాక్కున్నాడు. "దిగు నాయనా, రేపు పొద్దున చూద్దాం" అన్నాను. నవ్వాడు. వాడు పైకి వచ్చేదాకా నేను కిటికీ ఊచలు వదల్లేదు.

డక్టు అంటే ఏమిటో అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు చెప్పక్కరలేదు. నాలుగు వైపులా గోడలు, మధ్యలో మూడడుగుల ఖాళీ, అందరి బాత్‌రూమ్ పైపులూ అందులోనే. ముందు నుంచి చూస్తే బిల్డింగు అందం చెడదని అవుట్‌డోర్లన్నీ అందులోకి తోయడం మా అసోసియేషన్ ఆచారం. మొదటి వేసవి ఎలాగో గడిచింది. రెండో వేసవిలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చాలు, ఏసీ పది నిమిషాలు పనిచేసి ఆగిపోయేది. సర్వీసుకు వచ్చినవాళ్లు "గ్యాస్ తక్కువైంది" అని మూడు వేల రెండు వందలు తీసుకున్నారు. నాలుగు నెలలకు మళ్లీ అదే మాట, అదే మొత్తం. గ్యాస్ అనేది పెట్రోలులా ఖర్చయిపోయే వస్తువు కాదు, పైపుల్లోనే తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. వాళ్లకు తెలుసు.

ఈ సంవత్సరం మార్చిలో కింది అంతస్తు మామి చెప్పగా ఈ కొట్టుకు వెళ్లాను. చూడడానికి మూడు వందలు, పని ఇస్తే బిల్లులో తగ్గిస్తానన్నాడు. వచ్చినవాడు సంచి విప్పలేదు. ఏసీ వేయమని చెప్పి, అరగంట కూర్చుని మంచినీళ్లు తాగాడు. తరవాత ఒక థర్మామీటరును దారం కట్టి, బావిలో చేద వేసినట్టు డక్టులోకి వదిలాడు. డాబా మీద నీడలో 36 డిగ్రీలు. డక్టులో అవుట్‌డోర్ వెనక 49. "తాను ఊదిన వేడిని తానే పీలుస్తోంది అమ్మా. ఎంతసేపని పీలుస్తుంది?" అన్నాడు. గదిలోని వేడిని తెచ్చి బయట పారబోయడమే దాని పని. పారబోసిన వేడి అక్కడే తిరుగుతుంటే లోపల ఒత్తిడి పెరిగి, కంప్రెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుందట.

చోటు మార్చాలంటే తూర్పు బాల్కనీ ఉంది కదా అన్నాను. సముద్రపు గాలి, విశాలం, నేల మీద రైలింగు పక్కన పెడితే వేడి బయటికి పోతుంది. అతను బాల్కనీలోకి వెళ్లి రైలింగును గోటితో గీకాడు. రంగు పెచ్చుగా లేచింది, కింద తుప్పు. సముద్రం మాకు అర కిలోమీటరు కూడా లేదు. "ఈ ఉప్పుగాలి నేరుగా కొడితే దీని వెనకున్న పల్చటి లోహపు రెక్కలు మూడేళ్లకు పొడి అవుతాయి" అన్నాడు. సరే, ఆ మాట ఎవరైనా చెబుతారు. తరవాత అతని చూపు మూలన ఉన్న చిన్న సైకిలు మీద పడింది.

"ఎవరిదమ్మా?"

"మా మనవరాలిది. సెలవులకు వస్తుంది. నాలుగేళ్లు."

"అయితే నేల మీద పెట్టనే పెట్టను. ఇది రెండడుగుల ఎత్తు ఉంటుంది. రైలింగు మూడున్నర. పాప దీని మీదకు ఎక్కితే?"

నాకు నోట మాట రాలేదు. నేను వేడి గురించి, అందం గురించి ఆలోచించాను గాని, రైలింగు పక్కన పిల్లకు నా చేత్తో మెట్టు కట్టబోతున్నానని తోచలేదు. నా దృష్టిలో ఈ కొట్టుకు వేసిన నాలుగు మార్కుల్లో రెండు ఆ సైకిలును చూసినందుకే.

చివరికి కుదిరిన చోటు వంటగది వెనక ఉత్తరపు బాల్కనీ. అక్కడ లోపలి గోడకు, తలుపు పైన, ఆరున్నర అడుగుల ఎత్తులో స్టాండు. ఎదుట రైలింగు మీదుగా ఖాళీ ఆకాశం, గాలికి అడ్డం లేదు. వెనక గోడకు జానెడు దూరం. అన్నిటికంటే ముఖ్యం, రేపు శుభ్రం చేయాలన్నా రిపేరు చేయాలన్నా బాల్కనీలో నిచ్చెన వేసుకుంటే చాలు, ఎవరూ బయట వేలాడక్కరలేదు. మరి కింద కాంపౌండులో నేల మీద పెడితే ఇంకా సులువు కదా అని మామి అడిగింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు వేళచ్చేరిలో మా చిన్నాన్న కూతురి ఇంటి అవుట్‌డోర్ నిండా మునిగింది. అందుకని దానికి జవాబు నేనే చెప్పాను.

పని రోజున పదింటికి అని చెప్పి పదకొండున్నరకు వచ్చారు. అర మార్కు అక్కడ పోయింది.

గోడకు చిల్లు పెట్టేటప్పుడు దగ్గరే నిలబడ్డాను. ముందు సుత్తి పిడితో గోడంతా తట్టుకుంటూ వెళ్లాడు, పుచ్చకాయ కొనేవాడిలా. డ్రిల్లు పెట్టాక మొదట తెల్లటి పొడి రాలింది, అది పూత. తరవాత ఎర్ర పొడి. వెంటనే ఆపేశాడు. "ఇది ఇటుక. ఇంకో నాలుగు అంగుళాలు పైకి వెళ్దాం, బీము ఉండాలి." పైన పెడితే డ్రిల్లు మూలిగింది, బూడిద రంగు పొడి రాలింది. అప్పుడు మొహం విప్పారింది. పై బోల్టులు కాంక్రీటులో దిగాలట, బరువంతా లాగేది వాటినే. బోల్టులన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి. డక్టులోంచి తీసిన పాత స్టాండు బోల్టు ఒకటి నా చేతిలో పెట్టాడు. రెండేళ్లకే తల సగం తినేసి ఉంది, వేలితో రుద్దితే జాజుపొడిలా అంటింది. 28 కిలోల పెట్టె మా కింది వాళ్ల బాత్‌రూమ్ కిటికీ పైన ఇన్నాళ్లూ దాని మీద ఆధారపడి ఉంది. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను రోజు ఎదురు బిల్డింగులో ఒక అవుట్‌డోర్ స్టాండు ఊడి, రాగి పైపుల మీదే ఊయలలా ఊగడం నేను కళ్లారా చూశాను. చూసి కూడా మా డక్టులోకి ఒక్కసారి తొంగిచూడలేదు.

కొత్త స్టాండు బిగించాక పెట్టె ఎక్కించలేదు. ముందు తానే రెండు చేతులతో దాన్ని పట్టుకుని కాళ్లు ముడిచి వేలాడాడు. డెబ్బై కిలోలు ఉంటాడు. స్టాండు కదల్లేదు. ఆ తరవాతే పెట్టె, పాదాల కింద రబ్బరు దిమ్మలు.

కారడం ఎక్కడో కూడా చూపించాడు. పాత పైపులో నైట్రోజన్ నింపి, నట్టు దగ్గర సబ్బునీళ్లు పూశాడు. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒక్క బుడగ, మెల్లగా, నిద్రపోయే పసివాడి నోటి దగ్గర ఉబ్బినట్టు ఉబ్బింది. పగిలింది. ఇంకోటి. నట్టు విప్పితే, బూరలా విప్పార్చిన రాగి పైపు అంచున వెంట్రుకంత చీలిక. బలం కొద్దీ బిగించేశారట. ఇతని దగ్గర నట్టుకు తగినంత బిగువు రాగానే టక్కుమనే రెంచి ఉంది. నా ఆరు వేల నాలుగు వందలు ఆ చీలికలోంచే పోయాయి. పైపు దూరం పెరిగింది కాబట్టి పాతదానికి అతుకు వేస్తాడేమో అనుకున్నాను. "అతుకు వద్దు, ఒకే ముక్క వేద్దాం" అని అయిదున్నర మీటర్లు కొత్తది తెచ్చాడు. బిల్లులో పెద్ద పద్దు అదే, అయిదు వేల రెండు వందలు.

ఇక వ్యాక్యూమ్ పంపు, అంటే గ్యాస్ ఎక్కించే ముందు పైపుల్లోని గాలినీ తడినీ లాగేసేది. ఇది ఆ ఉచిత ఫిట్టింగ్ వాళ్ల దగ్గర లేనే లేదు. వాళ్లు అవుట్‌డోర్‌లోని గ్యాస్‌నే కాస్త వదిలి, బుస్సుమనిపించి, పైపులోని గాలి పోయిందన్నారు. ఈ గ్యాస్ ఆర్-32. కొద్దిగా మండే గుణం ఉన్నది. పైగా భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడుకు 675 రెట్లు. దాన్ని బాత్‌రూమ్ డక్టులోకి వదిలారు. ఇతను పంపు పెట్టి ఇరవై అయిదు నిమిషాలు నడిపాడు. మీటరు మీద అంకె వేలల్లోంచి దిగుతూ దిగుతూ 500 మైక్రాన్ల కిందికి వచ్చింది. లోపల మిగిలిన ఒత్తిడికి అది కొలత, ఎంత తగ్గితే అంత ఖాళీ అయినట్టు. పంపు ఆపి పది నిమిషాలు ఊరికే కూర్చున్నాడు. అంకె మళ్లీ ఎగబాకితే ఎక్కడో కారుతున్నట్టు, లేదా తడి మిగిలినట్టు. మన సముద్రపు ఊళ్లో గాలి నిండా తడే, అది లోపల నూనెతో కలిస్తే ఆమ్లంగా మారి కంప్రెసర్‌ను తినేస్తుందట. నాకు క్యాష్ టాలీ అయ్యేదాకా తాళం వేయని మా పాత హెడ్ క్యాషియరు గుర్తొచ్చారు. అంకె కదల్లేదు. గ్యాస్ కూడా కంటికి తోచినంత కాదు, సిలిండరును త్రాసు మీద పెట్టి, పెట్టె మీద రాసిన గ్రాముల లెక్కకు, పైపు పెరిగినందుకు మోడల్ పుస్తకం చెప్పినంత కలిపి ఎక్కించాడు.

కరెంటు పని తొందరగానే అయింది. ఇదివరకు గీజరుకూ ఏసీకీ ఒకే తీగ. ఇప్పుడు బోర్డు నుంచి ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి). ఎర్తింగ్ ఉందో లేదో మీటరు పెట్టి చూసి మరీ కలిపాడు.

నీళ్ల పైపు గురించి ఒక్క మాట. ఇన్నాళ్లూ అది మామి బాల్కనీ మీద కారేది. పోయిన ఏడాది ఆవిడ ఎండబెట్టిన వడియాలు రెండు పళ్లాలు మా నీళ్లకు నానిపోయాయి. ఆవిడ ఏమీ అనలేదు, నెల రోజులు మాట్లాడలేదంతే. ఇప్పుడు ఆ పైపును ఎక్కడా ఎత్తు లేకుండా వాలుగా మా వంటగది జాలారిలోకి దింపాడు.

వెళ్తూ నెలకొకసారి అవుట్‌డోర్ వెనక రెక్కల మీద నెమ్మదిగా నీళ్లు పోయమన్నాడు, కరెంటు ఆపి. బోరు నీళ్లు వద్దు, అవీ ఉప్పే, మెట్రో నీళ్లు, అంటే ఊరికి సరఫరా చేసే మంచినీళ్లు, పోయండి అన్నాడు. నీళ్ల లారీ కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డ ఊరిది. ఏసీకి స్నానం అంటే నాకు నవ్వు వచ్చింది. పోస్తున్నాను.

మొత్తం పన్నెండు వేల ఎనిమిది వందల యాభై, ఆ మూడు వందలు తగ్గించాకే. నోటుపుస్తకం కాగితం మీద పద్దుల వారీగా రాసి ఇచ్చాడు, కూడి చూశాను, సరిపోయింది. ఏప్రిల్, మే కాలిన తీరు మీకు తెలుసు. మధ్యాహ్నం రెండింటికి కూడా ఏసీ ఆగలేదు, 26 మీద పెట్టి దుప్పటి కప్పుకున్నాను.

మిగిలిన అర మార్కు సంగతి. పాత చిల్లును మూయడం మరిచిపోయి వెళ్లారు. మూడో రోజు అందులోంచి బల్లి వచ్చి నేరుగా నా దిండు మీద పడింది. ఫోను చేస్తే ఏడు దాటాక ఎత్తడు. మర్నాడు కుర్రవాడిని పంపి సిమెంటు పెట్టించాడు, నిజమే. కానీ పడకగది గోడ మీద అరచేతి మేర బూడిద రంగు మచ్చ అలాగే ఉంది. రంగు ఎప్పుడు వేయిస్తావయ్యా అంటే "శనివారం అమ్మా" అంటాడు. ఏ శనివారమో చెప్పడు.