తెలిసి ఉంటే వచ్చి ఉండేదాన్ని: ఫ్రెంచిలో ఈ మాట నేర్చుకోవడానికి ఇంగ్లీషు దారి మేలా, తెలుగు దారి మేలా?

“నాకు తెలిసి ఉంటే వచ్చి ఉండేదాన్ని.” జరగకుండా పోయినదాన్ని గురించి మనం అనుకునే మాట ఇది. ఫ్రెంచిలో “సి జావే స్యూ, జ సరే వన్యూ” అంటారు. అందులో రెండో సగం, అంటే “జ సరే వన్యూ”, కొందిస్యొనెల్ పాసే అనే క్రియారూపం. ఫ్రెంచి నేర్చుకునే మనవాళ్ళు, ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా తీసుకున్న పిల్లలైనా, కెనడా వెళ్ళే ప్రయత్నంలో పరీక్ష రాసే ఉద్యోగులైనా, ఎక్కువగా దీన్ని ఇంగ్లీషు ‘వుడ్ హావ్’ మీదుగానే నేర్చుకుంటారు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, పాఠమూ ఇంగ్లీషులోనే సాగుతుంది. నేనూ అలాగే నేర్చుకున్నాను. తర్వాత ఇతరులకు చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగు మీదుగా చెప్పి చూశాను. రెండు దారులూ నడిచాక నాకు తేలింది ఇది: అర్థం పట్టుకోవడానికి తెలుగే మేలు. సహాయక క్రియను ఎంచుకునే దగ్గర మాత్రం తెలుగును గుడ్డిగా నమ్మకూడదు.

రూపం కట్టడం కష్టం కాదు. అవ్వార్ (కలిగి ఉండు) లేదా ఎత్ర్ (ఉండు) అనే సహాయక క్రియను షరతు రూపంలో పెట్టి, పక్కన అసలు క్రియ పార్తిసిప్ పాసే, అంటే ‘వన్యూ’ లాంటి భూతకాల రూపం, ఉంచితే చాలు. అవ్వార్‌కు భవిష్యత్కాలపు మొదలు ‘ఒర్’, ఎత్ర్‌కు ‘సర్’. వాటికి ఎంపర్ఫే కాలపు (గతంలో అలవాటుగా సాగిన పనిని చెప్పే కాలం) చివరలు తగిలిస్తే జొరే, త్యూ ఒరే, ఇల్ ఒరే, నూజ్ ఒర్యోఁ, వూజ్ ఒర్యే, ఇల్జ్ ఒరే అవుతాయి. ఎత్ర్‌దీ ఇదే వరస: జ సరే, త్యూ సరే, ఇల్ సరే. నేను, నువ్వు, అతను, వాళ్ళు అనే నాలుగింటికీ చెవికి ఒకే ‘రే’ వినిపిస్తుంది. తేడా అంతా రాతలోనే.

ఈ చివరలు ఎంపర్ఫే కాలానివి కావడానికి కారణం ఉంది. వాడుక లాటిన్‌లో క్రియ మూలరూపం పక్కన ‘కలిగి ఉండు’ అనే క్రియ భూతకాలాన్ని చేర్చి పలికేవారు. కాలక్రమంలో ఆ రెండూ అతుక్కుని ఫ్రెంచి షరతు రూపం పుట్టింది. ఇక్కడే మన భాషతో ఒక చుట్టరికం కనిపిస్తుంది. “చిన్నప్పుడు రోజూ చెరువుకు వెళ్ళేదాన్ని” అంటే అలవాటు. “సెలవు దొరికితే వెళ్ళేదాన్ని” అంటే జరగని పని. మనం రెండింటికీ ఒకే రూపం వాడతాం. ఫ్రెంచిలో మొదటిది ‘జాలే’, రెండోది ‘జీరే’. మొదలు మారింది గానీ తోక ఒకటే. ఇంగ్లీషు ‘వుడ్’కు కూడా ఈ రెండు అర్థాలూ ఉన్నాయి, కాబట్టి అలవాటును షరతు రూపంలో రాసే పొరపాటు రెండు దారుల్లోనూ పొంచి ఉంటుంది.

ఇంగ్లీషు నిజంగా దారి తప్పించేది ‘రావలసింది’ లాంటి మాటల దగ్గర. ‘షుడ్ హావ్ కమ్’లో ‘హావ్’ వెళ్ళి ‘కమ్’ను పట్టుకుంటుంది, గతమంతా రావడం మీద పడుతుంది. ఫ్రెంచిలో గతాన్ని మోసేది ‘వలసి ఉండడం’ అనే అర్థమున్న దెవ్వార్ క్రియ: జొరే ద్యూ వనీర్. చివరి వనీర్ మూలరూపంలోనే ఉంటుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చినవారు దీన్ని “జ దవ్రే అవ్వార్ వన్యూ” అని రాయడం నేను చాలాసార్లు చూశాను. తెలుగులో ఆలోచిస్తే ఆ తప్పుకు చోటే లేదు. “నేను నిన్న రావలసింది” అన్నప్పుడు గతం ‘వలసింది’ మీదే ఉంది, ‘రా’ కదలలేదు. ఫ్రెంచి వాక్యానికి ఎముకల గూడు అదే. ‘జొరే ప్యూ’ కూడా అంతే: చేయగలిగి ఉండేదాన్ని, చేయలేదు. పశ్చాత్తాపం చెప్పుకోవడానికి ఫ్రెంచివారు రోజూ వాడేవాటిలో ఈ రెండూ ముఖ్యం. నా మాట వింటే మొదట వీటిని నోటికి తెచ్చుకోండి, పట్టికలు తర్వాత చూసుకోవచ్చు.

తెలుగు దారి మేలని నాకు గట్టి నమ్మకం కలిగించింది మాత్రం వార్తల భాష. ఫ్రెంచి పత్రికలో “లక్సిదాఁ ఒరే ఫే త్రువా మొర్” అని కనబడుతుంది. ‘వుడ్ హావ్’ పెట్టి చదివేవారికి ఆ ప్రమాదం ముగ్గురిని చంపి ఉండేది, కానీ చంపలేదు అనిపిస్తుంది. అర్థం పూర్తిగా తలకిందులైపోతుంది. అక్కడ ‘ఒకవేళ’ అనే అర్థమిచ్చే ‘సి’ లేదు, షరతూ లేదు. ఆ వాక్యం చెప్పేది ఇది: ప్రమాదంలో ముగ్గురు చనిపోయారట. వార్త ఇంకా నిర్ధారణ కాలేదు, విలేకరి దాని భారం తన మీద వేసుకోవడం లేదు. “ల మినిస్త్ర్ ఒరే దెమిస్యొనే” అంటే మంత్రి రాజీనామా చేశారట, లేదా మన పత్రికల వాడుకలో చెప్పాలంటే రాజీనామా చేసినట్లు సమాచారం. ఇంగ్లీషులో దీనికి తగిన క్రియారూపం లేదు, విడిగా ఒక మాట చేర్చుకోవాలి. మనకు ‘అట’ ఉంది. మాటను మోస్తూనే దాని బాధ్యతను పక్కన పెట్టే ఆ చిన్న ప్రత్యయం తెలిసినవారికి ఫ్రెంచి ‘ఒరే’ వెనకున్న జాగ్రత్త వెంటనే తెలుస్తుంది. ఇంత దగ్గరి పోలికను పాఠాల్లో వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

లింగం విషయంలోనూ తెలుగు చేయూతనిస్తుంది. నేను స్త్రీని కాబట్టి ‘వచ్చి ఉండేదాన్ని’ అంటాను, మా అన్నయ్య ‘వచ్చి ఉండేవాడిని’ అంటాడు. ఫ్రెంచిలో కూడా నేను రాసేటప్పుడు ‘వన్యూ’ చివర ఒక ‘ఇ’ (e) అక్షరం చేరుతుంది. పలకడంలో తేడా లేదు గనుక రాసేటప్పుడు మరచిపోవడం తేలిక, అయినా ‘నేను’ అన్న చోట కూడా ఆడ, మగ తేడా ఉంటుందన్న స్పృహ మనకు పుట్టుకతోనే ఉంది. ఇంగ్లీషుకు అది లేదు. కాకపోతే మనం ఆ తేడాను ఏ క్రియకైనా చూపిస్తాం, ఫ్రెంచి ప్రధానంగా ఎత్ర్‌తో వచ్చే క్రియలకే చూపిస్తుంది.

‘సి’ ఉన్న సగంలో ఏ కాలం పెట్టాలన్నదానికి జవాబు ప్ల్యూస్ క పర్ఫే, అంటే గతానికి ముందరి గతాన్ని చెప్పే కాలం. ఇక్కడ ఇంగ్లీషు ‘ఇఫ్ ఐ హాడ్ నోన్’ సూటిగా దారి చూపుతుంది, ఒప్పుకోవాలి. మన చేదర్థకానికి, అంటే ‘-తే’ రూపానికి, కాలం లేదు. “తెలిస్తే వచ్చేదాన్ని” అని పొట్టిగా అంటే అది నిన్నటి మాటో, ఇప్పటి మాటో సందర్భమే చెప్పాలి. అందుకే ఫ్రెంచి రాయబోయే ముందు తెలుగు వాక్యాన్ని పూర్తిగా విప్పుకోవాలి: తెలిసి ఉంటే, వచ్చి ఉండేదాన్ని. ఇప్పుడు రెండు వైపులా ‘ఉండు’ ఉంది, ఫ్రెంచిలోనూ రెండు వైపులా సహాయక క్రియ వస్తుంది. ‘ఉంటే’ ఉన్న చోట ‘ఆవే’ లేదా ‘ఎతే’, ‘ఉండే’ ఉన్న చోట ‘ఒరే’ లేదా ‘సరే’. ‘సి’ వెంటనే ‘రే’ రాకూడదని ఫ్రాన్స్‌లో బడిపిల్లలకు “లే సి నెమ్ పా లే రే” అని నేర్పుతారు. ‘సి’లకు ‘రే’లంటే ఇష్టం లేదని దాని అర్థం. విప్పుకున్న తెలుగు వాక్యం కాలాలు కలిసిన చోట కూడా నిలుస్తుంది. “ఆ రైలు ఎక్కి ఉంటే ఇప్పుడు లియోఁలో ఉండేదాన్ని” అన్నప్పుడు రెండో సగంలో ‘ఎక్కి’ లాంటి అసమాపక క్రియ లేదు. కాబట్టి అక్కడ పాసే అక్కర్లేదు, ఉత్త ‘జ సరే’ చాలు.

ఇక తెలుగును నమ్మకూడదన్న చోటు. ఇలాంటి వాక్యాల్లో మనకు సహాయక క్రియ ఒక్కటే, ‘ఉండు’. దాన్ని ఎత్ర్‌గా మార్చే అలవాటు పడితే ‘వచ్చి ఉండేదాన్ని’ సరిగ్గా ‘జ సరే వన్యూ’ అవుతుంది. ‘తిని ఉండేదాన్ని’ మాత్రం ‘జ సరే మాఁజే’ అవుతుంది. దానర్థం “నన్ను తినేసేవారు” అని! అక్కడ రావలసింది ‘జొరే మాఁజే’. ఇంగ్లీషు ‘హావ్’ ఇక్కడ కాపాడుతుంది, ఎందుకంటే ఫ్రెంచి క్రియల్లో అత్యధికం అవ్వార్‌నే తీసుకుంటాయి. అదే ‘హావ్’ను ‘వచ్చు’కు తగిలిస్తే ‘జొరే వన్యూ’ అనే తప్పు పుడుతుంది. మొదటి ఏడాది పరీక్షలో నేను రాసింది అదే. మార్కు పోయినందుకు కాదు, అది ఎందుకు తప్పో చాలాకాలం ఎవరూ చెప్పనందుకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. వెళ్ళడం, రావడం, చేరడం, బయలుదేరడం, ఎక్కడం, దిగడం, పుట్టడం, చనిపోవడం, పడడం, ఉండిపోవడం వంటి కొద్ది క్రియలకు, ‘జ మ సరే లవే’ (లేచి ఉండేదాన్ని) లాంటి ఆత్మార్థక క్రియలన్నిటికీ ఎత్ర్. ఈ జాబితాను ఇంగ్లీషు మీదుగా గానీ తెలుగు మీదుగా గానీ ఊహించలేం, కంఠస్థం చేయవలసిందే.

అందులోనూ తికమక పెట్టే ఎక్కడం, దిగడం దగ్గర తెలుగు మళ్ళీ ఆదుకుంటుంది. ఫ్రెంచిలో ‘దెసాఁద్ర్’ ఒకటే క్రియ, దిగడానికీ దించడానికీ. మనం రెండు మాటలు వాడతాం కాబట్టి సమాధానం ముందే తెలిసిపోతుంది. దిగి ఉండేదాన్ని అంటే ‘జ సరే దెసాఁద్యూ’. పెట్టె దించి ఉండేదాన్ని అంటే ‘జొరే దెసాఁద్యూ లా వలీజ్’. ఎక్కు, ఎక్కించు కూడా ఇంతే. ‘మెట్లు దిగి ఉండేదాన్ని’ లాంటి చోట్ల మాత్రం ఈ సూత్రం పనిచేయదు. ఫ్రెంచి మెట్లను కర్మగా చూస్తుంది గనుక అది ‘జొరే దెసాఁద్యూ లెస్కల్యే’.