స్టీలా, అల్యూమినియమా? ముందు పిచ్ తేల్చుకోండి

అవుట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక తగిలించే ఇంజిన్) ఉన్నవాళ్లు, కొనబోయేవాళ్లు నన్నడిగేది ఎప్పుడూ ఒకటే: స్టీలు ప్రొపెల్లర్ వేయించమంటారా, అల్యూమినియం చాలంటారా? హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకునే పిల్లల వెనకాల తిరిగే మా కోచ్ బోటుకు ఈమధ్య ప్రొపెల్లర్ మార్చాం. దానిది 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజిన్. అప్పట్నుంచి ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. నన్నడిగితే అల్యూమినియమే. కాకపోతే దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది పిచ్, అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకు పోయే దూరం. దాని సంగతి ఎవరూ ఎత్తరు.

వానాకాలం వచ్చిందంటే పేపర్లో రోజూ చూస్తాం కదా, గండిపేట పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్ 1763.5 అడుగులు, హుస్సేన్‌సాగర్ 513.41 మీటర్లు అని. ఇవన్నీ సముద్రమట్టం నుంచి కొలిచిన అంకెలు. అంటే ట్యాంక్‌బండ్ పక్కన మనం బోటు దించే నీళ్లు సముద్రానికి 1,680 అడుగుల పైన ఉన్నాయన్నమాట. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది, వెయ్యి అడుగులకు ఇంజిన్ బలం సుమారు 3 శాతం పడిపోతుంది. ఆ లెక్కన మన ఊళ్లో 5 శాతం పోయినట్టే, 40 అని రాసున్న ఇంజిన్ ఇక్కడ 38 దానిలాగే పనిచేస్తుంది. మే నెల ఎండల్లో వేడిగాలికి ఇంకొంచెం తగ్గుతుంది. కాకినాడలోనో విశాఖలోనో అదే బోటుకి సరిగ్గా కుదిరిన ప్రొపెల్లర్ ఇక్కడికొచ్చేసరికి ఇంజిన్‌కు బరువైపోతుంది. డబ్బాతో పాటు వచ్చిందే బిగించి, అందులోనూ నలుగురు ఎక్కి, బోటు లేవట్లేదు ఇంజిన్ బాగాలేదు అనేవాళ్లను చాలామందిని చూశాను.

కుదిరిందా లేదా చెప్పేది ఒక్కటే, ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎమ్, అంటే నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు. ఇంజిన్ పుస్తకంలో ఒక రేంజ్ ఇస్తారు, మా దానికి 4,500 నుంచి 5,500. రోజూ ఎంత మంది ఎక్కుతారో అంత మందినీ, ఎంత పెట్రోలు ఉంటుందో అంతా పెట్టుకుని ఫుల్‌గా తిప్పితే మీటరు ఆ రేంజ్‌లో పై సగంలో నిలబడాలి. మా బోటుతో వచ్చింది 13 అంగుళాల పిచ్, మనుషులతో 4,700 దాటేది కాదు. చేత్తో తిప్పే టిల్లర్ మోటార్లకు మీటరు ఉండదు కాబట్టి చాలామంది చెవితోనే లెక్కేస్తారు, అది నమ్మకండి, స్పార్క్ ప్లగ్ వైరు చుట్టూ తీగ చుట్టి పెట్టుకునే చిన్న డిజిటల్ మీటర్లు వస్తున్నాయి, ఖరీదు పెద్దగా ఉండదు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎమ్ పెరుగుతుంది. 11 అంగుళాలది వేశాక మాది 5,100 దగ్గర నిలబడింది. గేరు 2:1 (ఇంజిన్ రెండు చుట్లకు ప్రొపెల్లర్ ఒకటి), స్లిప్ (నీళ్లలో జారి వృథా అయ్యే వంతు) 15 శాతం అనుకుని లెక్క కడితే పై స్పీడు గంటకు మూడు కిలోమీటర్ల పైచిలుకు తగ్గింది, అది నిజమే. కానీ పిల్ల పడవ బోల్తా పడినప్పుడు మాకు కావాల్సింది పై స్పీడు కాదు, నలుగురితో బోటు ముక్కు దించుకుని గబుక్కున నీటి మీదికి లేవడం. అందులో తేడా కూర్చున్నవాళ్లకే తెలిసిపోయింది. ఇంకో మాట, తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఇంజిన్‌ను నిండా నొక్కుతూ లాగిస్తే కార్బన్ పడుతుంది, పిస్టన్లు వేడెక్కుతాయి, రిపేరు ఖర్చు ముందు ప్రొపెల్లర్ ధర లెక్కలోకే రాదు.

ఇక అసలు ప్రశ్న. స్టీలు రెక్కలు పల్చగా ఉంటాయి, బలానికి వంగవు, అందుకే నీళ్లను బాగా కోస్తాయి. మంచి సరుకు. పెద్ద ఇంజిన్, లోతైన నీళ్లు, రోజంతా స్పీడుగా తిరిగే పని అయితే దానికే నా ఓటు. ధర మాత్రం రెండు మూడు రెట్లు. మన హుస్సేన్‌సాగర్ సంగతేంటి? నిమజ్జనం తర్వాత క్రేన్లు ఎంత తీసినా విగ్రహాల ఇనుప చట్రాలు, కర్ర దుంగలు ఏదో ఒక మూల మిగులుతాయి, ఆపైన గుర్రపుడెక్క, పాలిథిన్ కవర్లు. అలాంటి ఇనుప కడ్డీకి తగిలితే అల్యూమినియం రెక్క తానే వంగో విరిగో పోతుంది. స్టీలు రెక్క మొండిగా నిలబడితే దెబ్బలో ఎక్కువ భాగం షాఫ్టు మీదికి, గేర్ల మీదికి పోతుంది. ప్రొపెల్లర్ మధ్యలో దెబ్బకు జారే రబ్బరు హబ్ ఉందిగా అంటారు, అది కొంత కాస్తుంది గానీ అన్నిసార్లూ కాదు. పైగా వంగిన అల్యూమినియం రెక్కను ఆర్గాన్ వెల్డింగ్ తెలిసినవాడు సరిచేయగలడు, మన ఊళ్లో అలాంటివాళ్లకు కొదవలేదు. బ్యాలెన్స్ మాత్రం చూపించుకోవాలి, లేకపోతే వణుకు మొదలవుతుంది.

ఆ హబ్ గురించి ఒక చిట్కా. కొత్త ప్రొపెల్లర్ బిగించేముందు వెనక వైపు లోపలి ఇత్తడి బుష్ నుంచి బయటి లోహం దాకా రబ్బరు మీదుగా పెయింటుతో ఒక గీత గీయండి. ఇంజిన్ మోత పెరిగి బోటు కదలకపోతే విప్పి చూడండి, గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే హబ్ జారినట్టే, అనవసరంగా కార్బ్యురేటర్ విప్పక్కర్లేదు. విప్పినప్పుడే షాఫ్టు చుట్టూ గాలం దారం, నైలాన్ వల పోగులు ఉన్నాయేమో కూడా చూడండి. అవి ఆయిల్ సీలును కోసేస్తాయి, నీళ్లు లోపలికి పోయి గేర్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు తిరుగుతుంది.

నాలుగు రెక్కలది బరువు మోసే బోట్లకు బాగుంటుంది, మలుపుల్లో పట్టు వదలదు, మామూలు సైజు బోటుకు అవసరం లేదు. ప్లాస్టిక్ కాంపోజిట్‌ది స్పేర్‌గా పడేసుకోండి, అంతే.

తీసేసిన 13 అంగుళాలదాన్ని మాత్రం అమ్మేయకండి. అదే బోటును ట్రైలర్ మీద నాగార్జునసాగర్ తీసుకెళితే అక్కడ నిండు మట్టమే 590 అడుగులు, గాలి చిక్కగా ఉంటుంది, ఇంజిన్‌కు ఇక్కడ పోయిన బలంలో చాలావరకు తిరిగొస్తుంది. ఒక్కరే కూర్చుని 11 అంగుళాలదాంతో నిండా తిప్పితే 5,500 దాటిపోవచ్చు, పాత టూ స్ట్రోకులు చాలావాటిలో ఆపే లిమిటర్ కూడా ఉండదు. కాబట్టి అక్కడ మళ్లీ మీటరు పెట్టి చూసుకోండి, ముల్లు పైకి పోతుంటే పాతది బిగించేయండి, స్పానరు, కొత్త కాటర్ పిన్ను (నట్టు ఊడకుండా పెట్టే పిన్ను), కాస్త గ్రీజు దగ్గరుంటే ఒడ్డునే అయిపోయే పని.