టారంటులా సెట్టు: పెట్టె బాగుంది, సూచనల పుస్తకమే బాగాలేదు

టారంటులాలను, అంటే ఒంటి నిండా నూగుండే పెద్ద సాలీళ్లను, పెంచేవారి కోసం ప్రత్యేకంగా తయారు చేశామని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక సెట్టును నెల్లూరు వేదాయపాలెంలోని మా ఇంటికి తెప్పించుకుని, ఎండాకాలంలోనూ ఆ తరువాత పట్టిన ముసురులోనూ వాడి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. ధర 3,600 రూపాయలు, రవాణా ఖర్చు అదనం. అన్ని వైపులా 30 సెంటీమీటర్లు ఉండే అక్రిలిక్ పెట్టె, పొడవాటి స్టీలు పట్టకారు, మెత్తటి కుంచె, మూత ఉన్న పారదర్శకపు డబ్బా, నీళ్ల పళ్లెం, చిన్న సూచనల పుస్తకం ఇందులో వస్తాయి. కొన్ని వస్తువులను గట్టిగా విమర్శించవలసి ఉన్నందువల్ల తయారీదారు పేరు రాయడం లేదు.

నా దగ్గర ఉన్నది మధ్య అమెరికాకు చెందిన కర్లీ హెయిర్ జాతి ఆడ టారంటులా. పెంపకందారు దగ్గర కాగితాలతో సహా కొని, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందపు జాబితాల్లో ఉన్న విదేశీ జీవులను ఇంట్లో ఉంచుకునేవారు ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేసి నమోదు చేయించుకోవాలి. సెట్టు కొనే ముందు ఆ పని చూసుకోవడం మంచిది.

ఇటువంటి సామగ్రిని అందచందాలను బట్టి తూచడంలో అర్థం లేదు. నీళ్లు పోయడం, మేత వేయడం, ఎంగిలి ఏరడం, ఎప్పుడైనా పెట్టె మార్చడం అనే పనులన్నింటినీ సాలీడుకు బెదురు పుట్టకుండా, మన చేయి దాని దగ్గరకు పోకుండా ఎంతవరకు చేయనిస్తుందన్నదే చూడవలసిన విషయం. దీనికి ముందు ఆ ప్రాణి బెదిరినప్పుడు ఏం చేస్తుందో తెలిసి ఉండాలి. సూచనల పుస్తకం ఈ భాగాన్ని నాలుగు వాక్యాల్లో ముగించింది కనుక నేను కొంచెం వివరంగా చెబుతాను.

టారంటులాకు ఎనిమిది కళ్లు ఉన్నా చూపు అంతంత మాత్రమే. కాళ్ల మీది సన్నటి వెంట్రుకల ద్వారా నేల అదురును, గాలి కదలికను పసిగట్టి బతికే జీవి అది. అందుకే దగ్గరగా ముఖం పెట్టి చూస్తూ ఊపిరి వదిలినా, పెట్టె పెట్టిన బల్లను తట్టినా అది ఉలిక్కిపడుతుంది. మొదట చేసే పని పోట్లాట కాదు. కాళ్లను దగ్గరకు ముడుచుకుని కదలకుండా ఉండిపోవడమో, గూటిలోకి దూరడమో చేస్తుంది. అప్పటికీ మనం వదలకపోతే వెనక్కు తిరిగి, ఉదరాన్ని పైకెత్తి, వెనుక కాలితో దాని మీద గబగబా రుద్దుతుంది. ఒకనాటి ఉదయం కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడుతున్న వేళ, కుంచె పొరపాటున వెనుక కాలికి తగలగానే మా సాలీడు ఈ పని చేసింది. ఆ ఎండ చారలో సన్నటి ధూళి లేచి, గాలిలో కాసేపు తేలి, పెట్టె గోడకు అంటుకోవడం స్పష్టంగా కనిపించింది. ఆ ధూళి దాని పొట్ట మీది నూగే. కొక్కేల వంటి ముళ్లున్న ఈ వెంట్రుకలు చర్మానికి తగిలితే దూలగొండి నూగు తగిలినట్లే దురద, దద్దుర్లు వస్తాయి. అమెరికా ఖండాల జాతుల్లో చాలావాటికి ఈ ఆయుధం ఉంటుంది, ఆసియా, ఆఫ్రికా జాతులకు ఉండదు.

నూగు విసిరినా ప్రమాదం తొలగలేదనుకుంటే ముందు కాళ్లను ఆకాశానికి ఎత్తి, వెనక్కు వాలి, కోరలను విప్పి చూపిస్తుంది. కొన్ని జాతులు నోటి దగ్గరి వెంట్రుకలను ఒరిపిడి చేసి బుసకొట్టినట్లు చప్పుడు కూడా చేస్తాయి. ఆ పైన కాళ్లతో నేలను కొట్టడం, చివరకు కాటు. కాటులోనూ విషం దించకుండా ఉత్తగా పొడిచి వదిలేయడం ఉంది. ఇవి ఎప్పుడూ ఒకే వరుసలో నడుస్తాయని అనుకోకూడదు. కొన్ని ఆసియా జాతులు ముందు మెట్లన్నీ దాటవేసి నేరుగా కాటుకే వస్తాయి. ఇంకొక తికమక కూడా ఉంది. ఆకలిగా ఉన్న సాలీడు పళ్లెంలోకి పడే నీటిధార మీదికి దూకితే చూసేవారికి అది కోపంలా కనిపిస్తుంది గానీ, ఆ కదలిక మేత అనుకుని పట్టుకోబోవడం మాత్రమే. మేతకోసం దూకేది కాళ్లెత్తి నిలబడదు, ముందుకే వస్తుంది. ఈ తేడా తెలిసినవారికి సగం భయం పోతుంది.

ఇక సెట్టు సంగతి. పెట్టెకు తలుపు ముందువైపున ఉంది, అది పైకి జారుతుంది. మార్కెట్లో దొరికే చవక పెట్టెల్లో చాలావాటికి మూత పైనే ఉంటుంది. పై నుంచి చేయి దిగడమంటే సాలీడు లెక్కలో పక్షో మరే శత్రువో మీద పడటమే. ముందు తలుపును రెండు వేళ్ల మందం మాత్రమే ఎత్తి, కింది నుంచే నీళ్ల పళ్లెం బయటకు లాగవచ్చు. పైన మూలగా ఉన్న గుండ్రటి కిటికీని తిప్పితే రూపాయి బిళ్లకంటే కాస్త పెద్ద రంధ్రం తెరుచుకుంటుంది. ఇలకోడి పురుగును అందులోంచి వదిలితే తలుపుతో పనే ఉండదు. అయస్కాంతపు గొళ్లెం చప్పుడు లేకుండా పడుతుంది. ఈ చిన్న సంగతి నాకు చాలా నచ్చింది, ఎందుకంటే టక్కుమనే గొళ్లాలతో ప్రతిసారీ సాలీడును లేపినట్లయ్యేది.

అయితే తలుపు జారే గాడిలో, పెట్టెలో పరిచే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) రేణువులు ఇరుక్కుని, కొన్నాళ్లకు తలుపు బిగుసుకుపోతోంది. బలంగా ఎత్తితే పెట్టె మొత్తం అదురుతుంది, అదిరితే సాలీడు ఎదురు తిరుగుతుంది. పాత టూత్‌బ్రష్‌తో గాడిని శుభ్రం చేసుకుంటే సరిపోతుంది గానీ, ఆ శుభ్రం చేసేటప్పుడే కళ్లద్దాలు పెట్టుకోవాలని నేను పట్టుబడతాను. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో 2009లో ఒక వ్యక్తి కంటి ఆసుపత్రికి వెళ్లిన ఉదంతం లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అతడు సాలీడును చేత్తో ముట్టుకోలేదు, గాజు తొట్టె గోడ మీది మరకను తుడుస్తున్నాడంతే. వెనుక నుంచి చిలీ దేశపు టారంటులా విసిరిన నూగు అతని కంటి నల్లగుడ్డులో దిగబడింది, ఆ వెంట్రుకలు అతి సన్నని పరికరాలతో కూడా బయటకు తీయలేనంత చిన్నవి కావడంతో స్టెరాయిడ్ చుక్కల మందు వాడవలసి వచ్చింది. మూడువందల రూపాయల భద్రతా కళ్లద్దాలు ఈ సెట్టులో చేర్చకపోవడం నిజంగా విచారకరం.

పట్టకారు పొడవు బాగుంది, మొనలే బాగాలేదు. స్టీలు మొనలు సూదిగా ఉన్నాయి. ఆకలితో ఉన్న సాలీడు వాటి మీదికే దూకి కొరికితే కోర విరిగే ప్రమాదం ఉంది, కోర విరిగిన సాలీడు మళ్లీ కుబుసం విడిచేదాకా సరిగా తినలేదు. నేను మొనలకు సైకిల్ దుకాణంలో దొరికే రబ్బరు వాల్వు గొట్టం తొడిగాను. కుంచె మాత్రం ఎంతో మెత్తన. వెనుక కాళ్లను తాకిస్తే సాలీడు ముందుకు రెండడుగులు వేస్తుంది, అంతకుమించి దానితో పనిలేదు.

సెట్టులో నాకు అన్నింటికన్న పనికి వచ్చింది డబ్బాయే. పెట్టె మార్చవలసి వచ్చినప్పుడు డబ్బాను సాలీడు ఎదుట పడుకోబెట్టి, కుంచెతో వెనుక నుంచి మెల్లగా తోలితే, చీకటి మూలను వెతుక్కునే ఆ ప్రాణి దానంతట అదే లోపలికి పోతుంది. డబ్బా బయట నల్ల కాగితం చుడితే ఇంకా త్వరగా వెళ్తుంది. గోడ మీద ఉన్నప్పుడైతే డబ్బాను బోర్లించి, కిందుగా గట్టి అట్టముక్కను జరపాలి. కాళ్లు అంచు కింద నలగకుండా చూడటమే ఇందులో మెళకువ. ఈ పని మొత్తంలో చేతికీ సాలీడుకూ ఒక్కసారి కూడా తాకిడి ఉండదు.

డబ్బాను ఇంత చక్కగా తయారు చేసిన సంస్థే, రోజూ పది నిమిషాలు అరచేతిలో ఉంచుకుంటే టారంటులా యజమానికి అలవాటు పడుతుందని పుస్తకంలో ఎలా అచ్చువేసిందో నాకు అర్థం కాలేదు. సాలీడు మనిషికి మచ్చిక కాదు. చేతి మీద కదలకుండా కూర్చున్నదాన్ని చూసి ప్రేమ అనుకుంటాం గానీ, పైన చెప్పిన ముడుచుకుని ఉండిపోవడం కూడా అదే భంగిమ. ఇందులో అపాయం మనకంటే దానికే ఎక్కువ. దాని కాళ్లు చాచుకోవడానికి కండరాల కన్న ఒంట్లోని ద్రవపు ఒత్తిడే ఆధారం, ఆ ద్రవాన్ని మోసే ఉదరపు చర్మం చాలా పలుచన. నడుము ఎత్తు నుంచి సిమెంటు నేల మీద పడితే ఉదరం పగిలి చనిపోవచ్చు. మా అక్క కొడుకు సెలవులకు కావలి నుంచి వచ్చి, “మామా, ఒక్కసారి చేతిలో పెట్టవా, ఫోటో తీసుకుంటా” అని బతిమాలాడు. “పెట్టె బయట నుంచి ఎన్నయినా తీసుకోరా, అది బెదిరిందంటే నీ ఫోటోలోకి కాదు, నీ కంట్లోకి వస్తుంది” అన్నాను. వాడు తలుపు మూసి ఉండగానే ముందు కాళ్లు ఎత్తిన ఫోటో ఒకటి సంపాదించాడు.

కుబుసం విడిచే రోజుల గురించి పుస్తకంలో ఒక్క మాట లేకపోవడం ఇంకా పెద్ద లోటు. నూగు రాలిన పొట్ట భాగం నల్లబడటం, మేత మానేయడం దానికి సూచనలు. ఆ తరువాత అది వెల్లకిలా పడుకుంటుంది. చనిపోయిందనుకుని తిరగేసేవారున్నారు, చనిపోయే సాలీడు సాధారణంగా కాళ్లు కిందికి ముడుచుకుని నిలువునే ఉంటుంది, వెల్లకిలా పడుకున్నది కుబుసం విడుస్తోందనే అనుకోవాలి. కుబుసం విడిచాక కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి నల్లబడేదాకా మేత వేయకూడదు, పెట్టెను జరపకూడదు.

నెల్లూరు వాతావరణానికి ఈ పెట్టె ఫరవాలేదు. ఎదురెదురు గోడలకు గాలి రంధ్రాలు ఉన్నందువల్ల తుపాను రోజుల్లో లోపల బూజు పట్టలేదు. రోహిణి కార్తెలో మాత్రం అక్రిలిక్ పెట్టెను పడమటి గోడకు దూరంగా, ఇంట్లో అన్నింటికన్న చల్లని గదిలో పెట్టుకోక తప్పదు. రంధ్రాల్లోంచి చీమలు దూరకుండా బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెట్టాను. మన ఊరి దోమల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు గానీ, దోమల మందు ప్లగ్గు పెట్టిన గదిలో సాలీడును ఉంచరాదు. అందులోని పైరెత్రాయిడ్ మందులు కీటకాలకు ఎంత విషమో సాలీళ్లకూ అంతే.

ఈ సెట్టు నేల మీద బొరియ చేసుకునే జాతులకు మాత్రమే సరిపోతుంది. పెట్టె ఎత్తు చాలదు గనుక చెట్ల మీద బతికే పోయెసిలోథేరియా జాతులకు పనికిరాదు. కాటు వేస్తే రోజుల తరబడి కండరాలు పట్టేసే ఆ జాతులు కొత్తవారు పెంచదగినవీ కావు. వీటిలో అందరూ మెచ్చే నీలి రంగు సాలీడు మన నల్లమలదే. 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ గుత్తి దగ్గర దొరికిన నమూనాతో దానిని వర్ణించాడు, మళ్లీ 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో కనిపించింది. తీవ్రంగా అంతరించిపోయే దశలో ఉన్నదిగా 2008లో గుర్తించారు, 2019లో ఆ ప్రజాతి మొత్తం సైటీస్ రెండో అనుబంధంలో చేరింది. అడవి నుంచి తెచ్చామని ఎవరైనా అమ్మజూపితే ధర కూడా అడగవద్దు.

పెట్టెను, డబ్బాను విడిగా ఇస్తారా అని తయారీదారును అడిగాను. 2,900 రూపాయలకు ఇస్తామన్నారు. పట్టకారు, పుస్తకం వదులుకుని ఆ మిగిలిన డబ్బుతో కళ్లద్దాలు కొనుక్కోవడమే నా సలహా.