కోడ్ రాయడమా, రాకెట్ కట్టడమా, రెండూనా?

నక్షత్రాలంటే ఇష్టపడే ఫిజిక్స్ విద్యార్థులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. కంప్యూటర్లో సిమ్యులేషన్లు చేసుకోవాలా, క్లబ్బులో చేరి రాకెట్లు కట్టాలా?

ఖర్చు చూస్తే కోడ్‌దే పైచేయి. మెసా అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. సూర్యుడి లాంటి నక్షత్రాన్ని పుట్టుక నుంచి ముసలితనం దాకా ల్యాప్‌టాప్‌లోనే నడిపి చూడొచ్చు. రాకెట్‌కి మైదానం కావాలి, అనుమతి కావాలి, నలుగురు తోడుండాలి.

కానీ కోడ్‌కి తప్పుడు ఊహ ఇచ్చినా చక్కటి గ్రాఫే గీసి పెడుతుంది. మేం రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో మూడోవంతు నీళ్లు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి ఎగరేసేవాళ్లం. ప్రతిసారీ మేం రాసుకున్న ప్రోగ్రాము చెప్పిన లెక్కకన్నా తక్కువ ఎత్తే. ప్రోగ్రాములో గాలి నిరోధం పెంచి చూశాం, అప్పటికీ కుదరలేదు. ఒకరోజు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే, నీళ్లు అయిపోతుండగా సీసా లోపల తెల్లగా పొగమంచు! వ్యాకోచిస్తున్న గాలి చల్లబడిపోతోంది. మేమేమో ఉష్ణోగ్రత మారదని రాసుకున్నాం. అందుకే ప్రోగ్రాము ఒత్తిడిని ఎక్కువ చేసి చూపింది.

సూర్యుడి నుంచి ఎడతెగకుండా బయటికి వీచే కణాల ప్రవాహాన్ని సౌరగాలి అంటారు. 1958లో భౌతిక శాస్త్రవేత్త యూజీన్ పార్కర్ దాని సిద్ధాంతం రాసినప్పుడు ఆయన పెట్టుకున్న ఊహా అదే, ఉష్ణోగ్రత మారదని. సూర్యుడి వెలుపలి వాతావరణమైన కరోనాలో ఎలక్ట్రాన్లు వేడిని తేలిగ్గా మోసుకెళ్తాయి కాబట్టి అక్కడ అది పనికొచ్చింది. మా సీసాలో గాలికి బయటి వేడి అందేంత వ్యవధి ఎక్కడిది? పోలిక ఇక్కడితో ఆగదు. రాకెట్ ఇంజన్ నుంచి వాయువు బయటికి వెళ్లే గొట్టం నాజిల్. దాని ఇరుకైన గొంతులో వాయువు ధ్వనివేగం అందుకుని, ఆ తర్వాత వెడల్పయ్యే భాగంలో దాన్ని మించిపోతుంది. సౌరగాలి కూడా అలాగే దాటుతుంది, అక్కడ గొంతు పని చేసేది సూర్యుడి గురుత్వం. ఈ సంగతి సీసా ఎగరేశాకే నాకు నిజంగా బోధపడింది.

అందుకే రెండూ చేయమంటాను, సగం సగం మాత్రం వద్దు. పరిశోధన వైపు వెళ్లేవాళ్లు కోడ్‌నే ప్రధానంగా పెట్టుకుని, వారానికో పూట చేతిపనికి ఇవ్వండి. రాకెట్ ఇంజినీరు కావాలంటే ఏరోస్పేసో మెకానికలో గట్టిగా చదవాలి, నక్షత్రాలు సెలవుల్లో చూసుకోవచ్చు. అంతరిక్ష పరికరాలు చేయాలనుకునేవాళ్లకు మాత్రం రెండూ సమానంగా కావాలి. 1962 జూన్‌లో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త రికార్డో జకోనీ బృందం ఏరోబీ అనే చిన్న పరిశోధన రాకెట్‌లో పంపిన ఎక్స్-రే డిటెక్టర్ కొద్ది నిమిషాల్లోనే స్కార్పియస్ ఎక్స్-1 అనే ఎక్స్-రే మూలాన్ని ఆకాశంలో పట్టుకుంది.

ఇంటర్ పిల్లలైతే సీసాతోనే మొదలుపెట్టండి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి, గాలి కొట్టిన సీసా మీదికి వంగకండి.