అక్కతో కలిసి గచ్చిబౌలి రింగు దాకా

2023 సెప్టెంబరు 8, శుక్రవారం. హైదరాబాద్ గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియంలో అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ల షో, సూపర్‌స్టార్ స్పెక్టకిల్ జరిగింది. నేనూ మా అక్కా సత్తెనపల్లి నుంచి వెళ్లి చూసొచ్చాం. మళ్లీ అలాంటి షో ఎప్పుడు పడినా వెళ్లాలని చూస్తున్నవాళ్లు నన్ను అడిగేవి మూడే మాటలు. సీటు ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ దిగాలి, అంత డబ్బు పోసి వెళ్లడం దండగ కాదా అని. మూడోదానికి ముందే చెప్పేస్తున్నా: దండగ కానే కాదు. మిగతా రెండూ మా అనుభవంతో చెబుతాను.

అసలు మా ఇంట్లో రెజ్లింగ్ పిచ్చి అక్కది. టెన్ స్పోర్ట్స్‌లో వచ్చే రోజుల్లో రిమోట్ తన చేతిలోనే ఉండేది. కొట్లో దొరికే రెజ్లింగ్ కార్డులు కొనుక్కొచ్చి, ర్యాంకు, హైటు, వెయిటు, ఛెస్టు, బైసెప్సు అంటూ మధ్యాహ్నమంతా ఆడేవాళ్లం. అండర్‌టేకర్ అనే రెజ్లర్ చచ్చి బతికాడని, మళ్లీ చస్తాడని స్కూల్లో ఎవరో ఒకరు చెప్పేవాళ్లు, మేం నమ్మేవాళ్లం. మా నాన్న మాత్రం "అదంతా ఉత్తుత్తి కొట్లాటే" అని కొట్టిపారేసేవారు. దానికి అక్క ఇచ్చిన జవాబు నాకింకా గుర్తుంది. "తిరునాళ్లలో నాటకం చూడ్డానికి తెల్లవార్లూ కూర్చుంటావు కదా నాన్నా, అందులో భీముడు దుర్యోధనుడి తొడ నిజంగా విరగ్గొడతాడా?" నాన్న దగ్గర దానికి సమాధానం లేదు.

పెళ్లయి నరసరావుపేట వెళ్లాక అక్కకు టీవీ ముందు కూర్చునే తీరికే లేకుండా పోయింది. హైదరాబాద్‌లో షో అని తెలియగానే ఫోన్ చేశాను. "టికెట్లు తీయరా, మీ బావతో నేను మాట్లాడతా" అంది, అంతే. మేం కొన్న తర్వాతే, మా చిన్నప్పటి హీరో రెజ్లర్ జాన్ సీనా కూడా వస్తున్నాడని తెలిసింది. సీనా ఇండియాలో ఆడబోయే తొలి మ్యాచ్ అది. ఆ రాత్రి అక్క నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది.

ప్రయాణం సంగతి. గుంటూరు, పల్నాడు వైపు నుంచి వెళ్లేవాళ్లకు పల్నాడు ఎక్స్‌ప్రెస్‌ను మించింది లేదు. తెల్లవారుజామున ఎక్కితే మిర్యాలగూడ, నల్లగొండ మీదుగా సికింద్రాబాద్ చేరుతుంది. చాలామంది అక్కడే దిగిపోయి ఊరంతా దాటుకుంటూ గచ్చిబౌలి వస్తారు. అలా చేయకండి. ఆ రైలు వికారాబాద్ దాకా పోతుంది, దారిలో లింగంపల్లిలో ఆగుతుంది. అక్కడి నుంచి సెంట్రల్ యూనివర్సిటీ మీదుగా సిటీ బస్సులో స్టేడియానికి కాసేపే. సికింద్రాబాద్‌లోనే దిగాల్సి వస్తే మెట్రోలో రాయదుర్గం వరకు వచ్చి ఆటో ఎక్కాలి. గచ్చిబౌలికి మెట్రో లేదు, ఆ చివరి ముక్కకే ఆటోవాళ్లు నోటికొచ్చింది అడుగుతారు.

ఇక బస. మా యాత్రలో నన్ను నిజంగా బాధపెట్టింది ఇదొక్కటే. కొండాపూర్‌లో ఒక రూము యాప్‌లో ముందే డబ్బు కట్టి తీసుకున్నాం. కౌంటర్ దగ్గర ఆధార్ కార్డులు ఇచ్చాక ఆ కుర్రాడు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. పెళ్లి తర్వాత అక్క ఇంటిపేరు మారింది, అడ్రసూ మారింది. "అక్కాతమ్ముళ్లని రుజువేంటి సార్?" అన్నాడు. పక్కనే అక్క నిలబడి వింటోంది. నేను గట్టిగా మాట్లాడబోతే అక్కే ఆపి, పెళ్లికి ముందు తీయించుకున్న పాన్ కార్డు చూపించింది. అయినా అక్కడి మేనేజరు ఒప్పుకోలేదు, వెయ్యి రూపాయలు ఎక్కువ కడితే చూస్తానన్నాడు. ఒక్క రూపాయి ఇవ్వకుండా బయటికొచ్చేశాం. కట్టిన డబ్బు తిరిగి రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. అక్కచెల్లెళ్లతో వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి, ఇంటిపేర్లు వేరని చెప్పి, సరేనన్నాకే డబ్బు కట్టండి. యాప్‌లో "ఫ్యామిలీ" అని రాసి ఉంటే చాలనుకోవద్దు.

బ్యాగులు పట్టుకుని రెండు వీధులు తిరిగితే ఒక ఇంటి గేటుకు "గదులు అద్దెకివ్వబడును, రోజువారీ కూడా" అన్న బోర్డు కనిపించింది. ఇంటావిడకు అరవై ఏళ్లుంటాయి. కార్డులు చూసి రిజిస్టర్‌లో రాసుకున్నారు, మరో ప్రశ్న అడగలేదు. పై అంతస్తులో రెండు మంచాలు, శుభ్రమైన బాత్రూము, గీజరు. రోజుకు పద్నాలుగు వందలు. ఏసీ లేదు, కిటికీ తీస్తే పక్కింటి గోడే. ఆ వారం మొదట్లో ఊళ్లో కుండపోత వానలు పడ్డాయి, గదిలో చెమ్మ వాసన కొంచెం ఉంది. కానీ ఆవిడ "రాత్రి ఎంత ఆలస్యమైనా గేటు కొట్టు నాన్నా, తీస్తాను" అన్న ఒక్క మాట చాలు. షో అయ్యాక ఎన్నింటికి బయటపడతామో తెలియనప్పుడు ఆ భరోసా చాలా పెద్దది.

స్టేడియం దగ్గరికి గంటన్నర ముందే వెళ్లాం. గేటు బయట రోడ్డు పొడవునా సీనా టోపీలు, టీషర్టులు అమ్ముతున్నారు. నకిలీవే, అయినా పిల్లలు వేసుకుని తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంది. క్యూ మాత్రం పాములా సాగింది. ఏ టికెట్టుకు ఏ గేటో చెప్పేవాళ్లు లేరు, ఒకరిని అడిగితే ముందుకు పొమ్మన్నారు, ఇంకొకరు వెనక్కి. నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు లోపలికి రానివ్వలేదు. మా పవర్ బ్యాంకు ఎదురుగా ఉన్న టీ కొట్టాయన దగ్గర పెట్టి వెళ్లాం. రాత్రి వచ్చేసరికి మా కోసం కొట్టు కట్టకుండా కూర్చున్నాడు. లోపల నీళ్లు కొనుక్కోవాలన్నా తోపులాటే. చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు. టికెట్ల మీద అంత తీసుకున్నప్పుడు తాగేనీటికైనా సరైన ఏర్పాటు చేయాల్సింది.

మాది పై వరుసల్లోని టికెట్టు. మొదట కాస్త దిగులు పడ్డాను గానీ కూర్చున్నాక పోయింది. ఇది 2002 జాతీయ క్రీడల నాటి ఇండోర్ స్టేడియం. క్రికెట్ మైదానం లాంటిది కాదు, చివరి వరుస నుంచి కూడా రింగు దగ్గరే అనిపిస్తుంది. పైగా పైనుంచి చూస్తే రింగు నాలుగు మూలలూ కనిపిస్తాయి. కింద కుర్చీల్లో వెనక ఉన్నవాళ్లకు ముందువాళ్ల తలలు, పైకెత్తిన ఫోన్లు అడ్డం. నా మాట వినేవాళ్లయితే, మొదటి నాలుగైదు వరుసలు కొనగలిగితే కొనండి, లేదంటే నేరుగా పైకి వెళ్లిపోండి. మధ్యలోవి వద్దు.

టీవీలో ఇన్నేళ్లు చూసినా నాకు తెలియనిది ఒకటుంది. అది చప్పుడు. రింగు అంటే ఉక్కు దూలాల మీద చెక్కలు, వాటి మీద పల్చటి మెత్త, పైన గుడ్డ. మనిషి వీపు మీద పడితే ఆ చెక్కలన్నీ కలిసి ఒక్కసారి మోగుతాయి. ఆ దడేల్‌మనే మోత పై వరుసలో కూర్చున్న నా ఛాతీలో తగిలింది. టీవీలో కామెంటరీ కింద అదంతా అణిగిపోతుంది. పడే విధానం నేర్చుకుని పడతారు, నిజమే. కానీ పడేది మాత్రం నిజంగానే పడతారు.

దీనికి పరాకాష్ట గుంథర్, శాంకీల మ్యాచ్. డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ బెల్టుల్లో ఒకటైన ఇంటర్‌కాంటినెంటల్ బెల్టును గుంథర్ గెలిచింది 2022 జూన్ 10న. ఆ బెల్టును ఏకబిగిన 454 రోజులు నిలబెట్టుకున్న పాతకాలం రెజ్లర్ హాంకీ టాంక్ మ్యాన్ పేరు మీద 1988 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న రికార్డును దాటింది సరిగ్గా మేం చూసిన ఆ రోజునే. ఎదురుగా మనవాడు శాంకీ, ఏడడుగుల మనిషి. గుంథర్ అతన్ని మూలకు నెట్టి, అరచెయ్యి చాపి ఛాతీ మీద ఒక్కటిచ్చాడు. తడిబట్ట బండకేసి కొట్టినట్టు మోగింది. హాలంతా ఒక్క క్షణం "అబ్బా" అని, వెంటనే ఇంకోటి, ఇంకోటి అంటూ అరిచింది. మా ఊళ్లో పద్యం బాగా అందుకుంటే "వన్స్ మోర్" అంటారే, అచ్చం అలాగే. మూడో దెబ్బకు శాంకీ ఛాతీ ఎర్రబడటం పైనుంచి కూడా తెలిసింది. మనవాడే ఓడిపోయినా నాకు మనసు కష్టపడలేదు. గుంథర్ ఆట చూసినందుకు డబ్బులు అక్కడే ముట్టాయి.

అక్కకు మాత్రం ఆడవాళ్ల మ్యాచ్ ముఖ్యం. రియా రిప్లీ మీద నటాల్యా. మేం చిన్నప్పుడు టీవీలో ఆడవాళ్ల మ్యాచ్‌లకు రెండు మూడు నిమిషాలు కూడా ఇచ్చేవారు కాదు. అక్క అప్పట్లోనే దాని మీద కోప్పడేది. నటాల్యా 2008 నుంచి అక్కడే ఆడుతోంది, రెజ్లర్ల ఇల్లుగా పేరున్న హార్ట్ కుటుంబం బిడ్డ. ఆవిడ రిప్లీ కాళ్లు పట్టుకుని, మెలేసి బోర్లా తిప్పే షార్ప్‌షూటర్ పట్టుకు తిప్పబోతుంటే అక్క కుర్చీలోంచి లేచి "తిప్పు, తిప్పు" అని అరిచింది. మా ముందు వరుసలో ఒక పదేళ్ల పాప వెనక్కి తిరిగి అక్కను చూసి తనూ లేచి అరవడం మొదలెట్టింది. ఛాంపియన్ బెల్టు రిప్లీ దగ్గరే ఉండిపోయింది, అయినా ఆ పాపా అక్కా షో అయ్యేదాకా స్నేహితులే.

మిగతావి త్వరగా చెబుతాను. డ్రూ మెకింటైర్ చేతిలో జిందర్ మహల్ ఓడిపోయాడు. 2017లో వరల్డ్ ఛాంపియన్ అయిన మనిషికి ఇంకాస్త గట్టి మ్యాచ్ ఇస్తే బాగుండేది. సామీ జేన్, కెవిన్ ఓవెన్స్ జోడీ మీద మనవాళ్ల జోడీ ఇండస్ షేర్ దిగింది. అందులో సాంగా అసలు పేరు సౌరవ్ గుర్జర్. టీవీ మహాభారతంలో భీముడు వేసింది ఆయనే. అక్క గుర్తుపట్టి "ఒరేయ్, మన భీముడు రా" అంది.

చివరి మ్యాచ్‌కు ముందు సేత్ రాలిన్స్ వచ్చాడు. అతని పాటకు జనం గొంతు కలపడం టీవీలో ఎన్నోసార్లు చూశాను. ఇక్కడ పాట ఆపేశాక కూడా జనం ఆపలేదు. పక్కన తెలుగు, వెనక హిందీ, ఇంకోవైపు తమిళం మాట్లాడుకుంటున్నవాళ్లంతా ఒక్క రాగం మీద ఉన్నారు. అప్పుడు సీనా పాట బాకా మోగింది. ఆ తర్వాత ఒక నిమిషం నాకేమీ వినపడలేదు. స్టేడియం కప్పు లేచిపోతుందేమో అనిపించింది. అక్క హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి, చిన్న ప్లాస్టిక్ కవరులోంచి ఒక కార్డు తీసింది. మా పాత సీనా కార్డు. మూలలు అరిగి గుండ్రంగా అయ్యాయి, వెనక బాల్‌పెన్నుతో తన పేరు రాసి ఉంది. ఇన్నేళ్లు దాచిందని నాకు తెలియదు. దాన్ని పైకెత్తి పట్టుకుని నిలబడింది. అంత దూరం నుంచి ఆయనకు కనిపించదని తనకూ తెలుసు.

లుడ్విగ్ కైజర్, జొవాన్నీ విన్సీల మీద సీనా, రాలిన్స్ గెలిచారు. మొహం ముందు చెయ్యి ఊపడం, మనిషిని భుజాల మీదికెత్తి పడేయడం, అన్నీ మాకు కంఠతా వచ్చినవే. ముందే తెలుసు కాబట్టే ఒక్కొక్కదానికీ హాలంతా కలిసి ఊపిరి బిగబట్టింది.

బయటపడేసరికి ఆటోలు దొరకలేదు. రాయదుర్గం నుంచి ఆఖరి మెట్రో అప్పట్లో 11 గంటలకే, దాన్ని నమ్ముకుని వచ్చినవాళ్లు టెన్షన్‌తో పరుగెత్తారు. మేం దగ్గరే బస కాబట్టి తొందర పడలేదు. డీఎల్‌ఎఫ్ ఆఫీసుల ఎదురు వీధిలో తిండి బండ్లు ఆ వేళకూ కళకళలాడుతున్నాయి. వేడి వేడి దోశ తిని, ఎక్కువ అడిగినా ఒక ఆటో మాట్లాడుకుని వెళ్లాం. ఇంటావిడ అన్నట్టే గేటు తీశారు, "బాగా కొట్టుకున్నారా?" అని అడిగారు. అక్కకు గొంతు పూర్తిగా పోయి నవ్వుతూ తలూపింది. మర్నాడు మధ్యాహ్నం లింగంపల్లిలో రైలెక్కాక కూడా బావకు ఫోన్లో కబుర్లన్నీ నేనే చెప్పాల్సి వచ్చింది.

2025 డిసెంబరు 13న వాషింగ్టన్‌లో సీనా తన ఆఖరి మ్యాచ్ ఆడాడు. ఎదురుగా ఉన్నది గుంథర్. మనకు ఆదివారం పొద్దున. సీనా చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్న కాసేపటికి అక్క ఫోన్ చేసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇద్దర్నీ ఒకే రాత్రి చూశాం కదరా" అంది. వెనక మా మేనల్లుడు ఆ కార్డు ఒక్కసారి చేతికివ్వమని గొడవ చేస్తున్నాడు.